రెండేళ్ల పిల్లలు మారాం చేస్తుంటే: కారణం పట్టుకోవడం దగ్గర్నుంచి అలవాటు మార్చడం దాకా

ఏడాది దాటిన దగ్గర్నుంచి మూడేళ్లు నిండేదాకా పిల్లలు చేసే మారాం గురించి ఇది. చెప్పులు నేనే వేసుకుంటా అని కూర్చుని, వేసుకోలేక, మనం వేయబోతే విసిరేసి, నేల మీద పడి దొర్లే వయసు. అరటిపండు విరిగిపోయిందని, దాన్ని మళ్లీ అతికించమని ఏడ్చే వయసు. మన ఇళ్లలో దీనికి మొండితనం అంటారు, వాళ్ల నాన్న పోలిక అంటారు, గారాబం ఎక్కువైందంటారు, దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేస్తారు. నేను చెప్పదల్చుకుంది ఏంటంటే, ఏడుపు మొదలయ్యాక మనం చేయగలిగింది చాలా కొంచెం, దానికి ముందు గంటలో ఏం జరిగింది, ఆగిన తర్వాత మనం ఏం చేశాం, ఈ రెండిట్లోనే అసలు పనంతా ఉంటుంది. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఏడుపు ముందూ వెనకా గురించే చెప్తాను.

ముందు ఈ వయసు ఏంటో అర్థం చేసుకుందాం

పదిహేను, పద్దెనిమిది నెలలకి పిల్లలకి కావాలి, వద్దు అన్నవి గట్టిగా తెలిసిపోతాయి. కానీ చెప్పడానికి మాటలుండవు. రెండేళ్లకి చాలామంది పిల్లలు ఓ యాభై మాటలు, "అమ్మా దా", "పాలు వద్దు" లాంటి రెండు మాటల జతలు అంటుంటారు, మనం చెప్పేది మాత్రం అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ అర్థం చేసుకుంటారు. తెలిసింది ఎక్కువ, చెప్పగలిగింది తక్కువ, ఆ తేడా దగ్గరే ఉక్రోషం పుడుతుంది. దీనికి తోడు కోపాన్ని ఆపుకోవడం, కాసేపు ఆగడం లాంటివి చూసుకునే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటి పడుతుంది, రెండేళ్లకి అది ఇంకా మొదట్లోనే ఉంటుంది. కాబట్టి "ఏడుపాపు" అంటే వాడు ఆపలేడు, మన మీద పంతంతో ఆపట్లేదని అనుకోవద్దు. ఈ పేచీలు ఏడాది, ఏడాదిన్నర మధ్యలో మొదలై, రెండు మూడేళ్ల మధ్యలో బాగా ఎక్కువగా ఉండి, నాలుగేళ్లకి మాటలు బాగా వచ్చేసరికి తగ్గుతాయి. చాలావరకు ఒక్కోటి ఐదు నిమిషాల లోపే అయిపోతుంది, మనకి మాత్రం గంట గడిచినట్టుంటుంది.

మొదటి పని: వారం రోజులు రాసుకోండి

ఏదైనా మార్చే ముందు ఒక వారం ఊరికే గమనించండి. ఫోన్‌లో నోట్స్ అయినా, క్యాలెండర్ వెనకాల అయినా సరే, ప్రతి పేచీకి మూడు విషయాలు రాయండి: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. టైమ్ కూడా వేయండి. వారం అయ్యాక చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది, ఎప్పుడు పడితే అప్పుడు ఏడుస్తున్నాడనిపించేది చాలా ఇళ్లలో రెండు మూడు టైముల్లోనే వస్తుంటుంది. మధ్యాహ్నం నిద్ర తప్పిన రోజు సాయంత్రం. అన్నానికి ముందు అరగంట. పార్కు నుంచి ఇంటికొచ్చే టైమ్. అమ్మ ఆఫీసు నుంచి వచ్చిన పది నిమిషాలు.

ఈ చివరిదాని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లులు దీనికి బాధపడతారు. పొద్దుట్నుంచీ అమ్మమ్మ దగ్గరో క్రెష్‌లోనో బంగారంలా ఉన్న పిల్ల అమ్మని చూడగానే కాళ్లకి చుట్టుకుని, ఎత్తుకోమని, ఎత్తుకుంటే దింపమని గోల చేస్తుంది. చూసేవాళ్లు "నువ్వొస్తేనే ఇలా చేస్తుంది" అనేస్తారు. రోజంతా బిగబట్టుకున్నది తనకి భరోసా ఉన్న మనిషి దగ్గర బయటికొస్తోంది, అంతే. బ్యాగ్ పక్కన పడేసి, ఫోన్ లోపల పెట్టి, ఓ పది పదిహేను నిమిషాలు నేల మీద కూర్చుని ఎత్తుకోండి, వంట తర్వాత. ఇది పేచీకి ముందే చేస్తే చాలా సాయంత్రాలు పేచీ రానే రాదు.

రాసిన కాగితంలో మూడో వరసని బాగా చూడండి. "తర్వాత మనం ఏం చేశాం" దగ్గర "చాక్లెట్ ఇచ్చాం", "ఫోన్ ఇచ్చాం", "సరేలే అని కొనేశాం" అని ఎన్నిసార్లుందో లెక్కపెట్టండి. పిల్లలు నేర్చుకునేది అక్కడే.

రెండో పని: ఒంట్లో ఏమైనా ఉందేమో చూడండి

క్రమశిక్షణ గురించి ఆలోచించే ముందు నిద్ర, కడుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, మూడు నాలుగేళ్ల పిల్లలకి 10 నుంచి 13. మన ఇళ్లలో రాత్రి పదకొండు దాకా టీవీ మోగుతుంటుంది, పెద్దవాళ్లతో పాటే పిల్లలూ పడుకుంటారు, పొద్దున్నే లేపేస్తాం. అలాంటి పిల్లకి ఎన్ని మంచి మాటలు చెప్పినా పని చేయవు. తొమ్మిదింటికల్లా లైట్లు ఆర్పేలా ఇల్లు మారితే చాలాచోట్ల సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇంకోటి రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. ఐరన్ తక్కువున్న పిల్లలు చిరాగ్గా ఉంటారు, ఆకలుండదు, తొందరగా అలిసిపోతారు, కొందరు మట్టి, సుద్ద తింటారు. అన్నం తినట్లేదని నాలుగైదు గ్లాసుల పాలు తాగిస్తే ఇది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, కడుపు నిండిపోయి వేరే ఏదీ తినరు. ఏడాది దాటాక రోజుకి అర లీటరు పాలు చాలు. అనుమానంగా ఉంటే డాక్టర్‌ని అడిగి హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించండి. అంగన్‌వాడీ, ఆశా వర్కర్ల దగ్గర ఐరన్ సిరప్ ఇస్తారు, అడగండి. మలబద్ధకం, చెవి నొప్పి, వెనక దవడ పళ్లు రావడం, ఇవి కూడా మొండితనంలాగే కనిపిస్తాయి.

మూడో పని: "వద్దు"లు తగ్గించండి

ఒక గంట కూర్చుని మనం ఎన్నిసార్లు వద్దు, ముట్టుకోకు, పడిపోతావ్, అటెళ్లకు అంటున్నామో వినండి. అన్నిసార్లు విన్న మాటకి విలువేముంటుంది. ఇంట్లో పగిలేవి, కోసుకునేవి, మందులు, అగ్గిపెట్టె, మిక్సీ వైరు అందకుండా పైకి ఎక్కించేయండి, నీళ్లు నింపిన బకెట్ బాత్రూమ్‌లో వదలకండి, ఈ వయసు పిల్లలు జానెడు నీళ్లలో కూడా మునిగిపోగలరు. కింది అర ఒకటి వాళ్లకే వదిలేయండి, స్టీలు గిన్నెలు, గరిటెలు, మూతలు పెట్టి.

తర్వాత రూల్స్ మూడంటే మూడే పెట్టుకోండి. ఎవర్నీ కొట్టకూడదు. రోడ్డు మీద చెయ్యి వదలకూడదు. స్టవ్ దగ్గరికి రాకూడదు. ఈ మూడూ ఎప్పటికీ మారవు, చుట్టాలొచ్చినా, పండగొచ్చినా, మనం అలిసిపోయినా. మిగతావాటిల్లో చూసీచూడనట్టు పోవచ్చు. చొక్కా తిరగేసి వేసుకుంటానంటే వేసుకోనివ్వండి.

నాలుగో పని: మాట్లాడే తీరు మార్చండి

"పరిగెత్తకు" అంటే పిల్లల చెవికి పరిగెత్తు అన్న ముక్కే గట్టిగా తగులుతుంది, ఏం చేయాలో తెలీదు. "మెల్లగా నడువు" అనండి. "అరవకు" బదులు "చిన్నగా చెప్పు". వంటింట్లోంచి కేకేసి చెప్పేదానికంటే దగ్గరికెళ్లి, వాళ్ల ఎత్తుకి వంగి, పేరు పెట్టి పిలిచి, నాలుగైదు మాటల్లో చెప్పి, కాసేపు ఆగండి. వాళ్లకి మాట లోపలికెళ్లి అర్థమవ్వడానికి కొంచెం టైమ్ పడుతుంది, మనం ఈలోపే మూడుసార్లు రిపీట్ చేసి, నాలుగోసారి అరుస్తాం.

తప్పనిసరి పనుల్ని ప్రశ్నలా అడగొద్దు. "స్నానం చేద్దామా నాన్నా?" అంటే "వద్దు" అంటాడు, అడిగారు కాబట్టి చెప్పాడు, ఇంక మీరు బలవంతంగా ఎత్తుకెళ్తే మోసం చేసినట్టే కదా. "స్నానం టైమ్ అయింది, ఎర్ర మగ్గా, నీలం మగ్గా?" అనండి. ఎంచుకోవడానికి రెండే ఉండాలి, రెండూ మీకు ఒప్పుకోదగ్గవి అయ్యుండాలి. ఏది తింటావు అని ఖాళీగా వదిలేస్తే ఐస్‌క్రీమ్ అంటాడు.

ఆట ఆపించడం దగ్గర ఇంకో చిట్కా. "ఇంకో ఐదు నిమిషాల్లో వెళ్లిపోదాం" అన్నది రెండేళ్ల పిల్లకి ఏమీ కాదు, నిమిషం అంటే ఏంటో తెలీదు. "ఇంకో మూడుసార్లు జారుడుబల్ల ఎక్కి ఇంటికెళ్దాం" అనండి, ప్రతిసారీ పైకి లెక్కపెట్టండి, మూడోది అవ్వగానే "అయిపోయింది, జారుడుబల్లకి టాటా చెప్పు" అని కదలండి. నాలుగోది ఇవ్వకండి, రేపు మీ మూడుకి విలువుండాలంటే.

ఐదో పని: పేచీ వచ్చేసింది, ఇప్పుడేంటి

ముందు దెబ్బ తగిలే చోటైతే పక్కకి జరపండి. తల నేలకేసి కొట్టుకుంటుంటే కింద దిండు తోసేయండి లేదా చెయ్యి పెట్టండి, చాలామంది పిల్లలు గాయమయ్యేంత గట్టిగా కొట్టుకోరు. తర్వాత దగ్గర్లో కింద కూర్చోండి. ముట్టుకోనిస్తే ఎత్తుకోండి, తోసేస్తే చెయ్యంత దూరంలో ఉండండి. ఒకే ఒక్కసారి చెప్పండి: "బిస్కెట్ ఇంకోటి కావాలి నీకు. ఇవ్వలేదని కోపం వచ్చింది. నేనిక్కడే ఉన్నా." అంతే, ఇంక నోరు మూసుకోవాలి. ఇది చాలా కష్టం, ఎందుకంటే మనకి ఆ టైమ్‌లోనే పాఠాలు చెప్పాలనిపిస్తుంది, "నిన్న కూడా చెప్పాను కదా, దగ్గొస్తుందని" అంటూ. పొంగే పాల మీద మూత పెట్టినట్టే అది, ఇంకా పొంగుతుంది. ఊపిరి మెల్లగా తీసుకుంటూ కూర్చోండి, మన గొంతు, మన మొహం ఎలా ఉన్నాయన్నది వాళ్లని తాకుతుంది.

బిస్కెట్ మాత్రం ఇవ్వకండి. ఇవ్వాలనుకుంటే ఏడుపు మొదలవ్వక ముందే, మొదటిసారి అడిగినప్పుడే ఇచ్చేయండి, తప్పేం లేదు. పది నిమిషాలు ఏడ్చాక ఇస్తే పది నిమిషాలు ఏడవాలని నేర్పినట్టు, ఇరవై నిమిషాలకి లొంగితే ఇరవై. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే నాలుగుసార్లు ఇవ్వకుండా ఐదోసారి ఇవ్వడం, అలా అప్పుడప్పుడూ దొరికేదాని కోసం పిల్లలు చాలా గట్టిగా పట్టుబడతారు. ఇంకోటి ముందే తెలుసుకోండి, ఇన్నాళ్లూ ఏడిస్తే దొరికింది ఒక్కసారిగా ఆగిపోతే మొదటి కొన్ని రోజులు ఏడుపు తగ్గకపోగా పెరుగుతుంది. చాలామంది సరిగ్గా అక్కడే "ఇది మా వాడికి పనిచేయదు" అని వదిలేస్తారు. ఆ కొన్ని రోజులూ దాటాలి.

ఏడుపు ఆగిందా, మంచినీళ్లు ఇవ్వండి, మొహం తుడవండి, ఎత్తుకోండి. "అయిపోయింది. రా, పిట్టలకి గింజలు వేద్దాం." సారీ చెప్పించడం, మళ్లీ ఆ విషయం తియ్యడం, నాన్నొచ్చాక నాన్నకి చెప్పి ఇంకోసారి తిట్టించడం అవసరం లేదు, సాయంత్రం పడే తిట్టుకీ పొద్దున జరిగినదానికీ రెండేళ్ల పిల్ల ముడిపెట్టుకోలేదు.

కొందరు పిల్లలు ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టేసి, మొహం నీలంగా అయిపోయి, ఒక్క క్షణం స్పృహ తప్పుతారు. చూస్తే ప్రాణం పోయినట్టుంటుంది కానీ నిమిషం లోపే తమంతట తామే ఊపిరి తీసుకుంటారు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, కుదపకండి, నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు పోయకండి. మొదటిసారి వచ్చినప్పుడు తప్పకుండా డాక్టర్‌కి చూపించాలి, దీనికీ ఐరన్ తక్కువవడానికీ సంబంధం ఉంది, టెస్ట్ చేయిస్తారు. నిమిషం దాటినా, ఒళ్లు కొట్టుకున్నా, ఏడుపు లేకుండానే వచ్చినా వెంటనే హాస్పిటల్‌కి.

పెళ్లిలో, షాపులో అయితే? అక్కడ మనల్ని లొంగదీసేది పిల్లవాడి ఏడుపు కంటే చుట్టూ ఉన్నవాళ్ల చూపులు. ఎత్తుకుని బయటికి, మెట్ల దగ్గరికో కారు దగ్గరికో వెళ్లిపోండి, ఇంట్లో చేసేదే అక్కడా చేయండి. ఫంక్షన్లకి వెళ్లేటప్పుడు ముందే కడుపు నింపి, నిద్ర లేచాక తీసుకెళ్తే, మధ్యలో సౌండ్ నుంచి దూరంగా ఒకసారి తిప్పుకొస్తే చాలావరకు గడిచిపోతుంది.

కొట్టడం, కొరకడం

పిల్లాడు చెయ్యెత్తగానే చెయ్యి పట్టుకుని, "కొట్టనివ్వను. నొప్పి పుడుతుంది" అని చెప్పండి. ఇంకో పిల్లని కొరికితే ముందు ఆ పిల్ల దగ్గరికెళ్లండి, కొరికినవాడి దగ్గరికి కాదు. ఏడుపు చల్లారాక మాట నేర్పండి: "నాకివ్వు", "జరుగు", "నాది". కొరికే పిల్లల్లో చాలామందికి ఈ మూడు మాటలూ లేవు. తిరిగి కొరికి చూపించడం, చెంప మీద ఒకటి వేయడం వల్ల నేర్చుకునేది ఒకటే, పెద్దవాళ్లకి కోపమొస్తే ఇలాగే చేస్తారని. 2018లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా పిల్లల్ని కొట్టొద్దని, కొడితే ముందు ముందు ఎదురుతిరగడం ఎక్కువవుతుందని స్పష్టంగా చెప్పింది. నాకు ఇందులో రెండో మాట లేదు, ఒక్క దెబ్బ కూడా వద్దు.

అన్నట్టు, పది నెలల పిల్ల తాతయ్య చెంప మీద కొడితే ఇల్లంతా నవ్వుతుంది, వీడియో తీస్తుంది. అదే పిల్ల రెండేళ్లకి కొడితే తిడతారు. మొదటిరోజు నుంచే నవ్వకుండా ఉంటే ఆ పిల్లకి తేలిక.

అన్నం, ఫోన్

మన దగ్గర పేచీలన్నిట్లో కష్టమైంది ఇదే. ఫోన్ పెడితే నోరు తెరుస్తుంది, తీస్తే మూసేస్తుంది. మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెప్పేది రెండేళ్ల లోపు స్క్రీన్ అసలు వద్దు, ఊళ్లో ఉన్న నానమ్మతో వీడియో కాల్ లాంటివి తప్ప, రెండు నుంచి ఐదేళ్ల లోపు రోజుకి గంటకి మించొద్దు. స్క్రీన్ చూస్తూ తింటే ఎంత తిన్నారో కడుపుకి తెలీదు, నమలడం కూడా సరిగ్గా రాదు.

ఒక్కసారే అన్ని పూటలా తీసేస్తే ఇంట్లో ఎవరూ తట్టుకోలేరు. ఒక్క పూటతో మొదలుపెట్టండి, పిల్లకి బాగా ఆకలేసే పూట. దానికి ముందు రెండు గంటలు పాలు, బిస్కెట్లు, మురుకులు బంద్. కింద పేపర్ పరిచి, అందరూ తినేటప్పుడే చిన్న ప్లేట్లో మీరు తినేదే మెత్తగా పెట్టండి, పప్పన్నం నెయ్యితో, ఒక ముక్క ఇడ్లీ. చేత్తో కెలకనివ్వండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన చేతిలో పని, ఎంత తినాలన్నది వాళ్ల చేతిలో పని. అరగంట అయ్యాక ప్లేట్ తీసేయండి, తిన్నా తినకపోయినా, తిట్టకుండా. రెండు మూడు రోజులు తక్కువ తింటుంది. బరువు సరిగ్గా పెరుగుతున్న ఆరోగ్యమైన పిల్లకి దానివల్ల ఏమీ కాదు, తర్వాత పూట తింటుంది. ఆ పూట కుదిరాక రెండో పూట. కొత్త కూర ఒక్కసారి ఉమ్మేసిందని వదిలేయకండి, పదిసార్లకి పైగా చూస్తే గానీ కొన్ని కొన్ని నోట్లోకి వెళ్లవు. గోరుముద్దలు పెడుతూ కాకిని, చందమామని చూపించి కబుర్లు చెప్పడం ఎప్పటికీ మంచిదే, అక్కడ మనిషి మనిషితో మాట్లాడుతున్నారు.

ఇంట్లో పెద్దవాళ్లతో

మీరు ఎంత చేసినా, నానమ్మ వెనకనుంచి చాక్లెట్ చేతిలో పెడితే అయిపోయినట్టే. కానీ పిల్లని రోజంతా చూసుకునేది ఆవిడే, ఆవిడ మనసు నొచ్చుకుంటే ఏదీ జరగదు. పేచీ జరుగుతున్నప్పుడు మాట్లాడొద్దు. పిల్ల పడుకున్నాక, "అత్తయ్యా, డాక్టర్ గారు తిండి ముందు తీపి పెట్టొద్దన్నారు, మీరు పెడితేనే తింటుంది కాబట్టి అన్నం అయ్యాక మీ చేత్తోనే బెల్లం ముక్క ఇవ్వండి" అనండి. ఆవిడ స్థానం ఆవిడకి ఉంటుంది, రూల్ కూడా ఉంటుంది. ఇది భర్త తన తల్లికి చెప్తే ఇంకా తేలిగ్గా వెళ్తుంది, ఈ పని కోడలి మీద ఒక్కదాని మీదే వదలడం న్యాయం కాదు.

బూచాడొస్తాడు, పోలీసు పట్టుకెళ్తాడు, డాక్టర్ సూది గుచ్చుతాడు, ఇవి మూడూ ఆపించండి. జాతరలో తప్పిపోయిన పిల్ల పోలీసు దగ్గరికే వెళ్లాలి, జ్వరమొస్తే డాక్టర్ ముందే పడుకోవాలి. "అన్నం తినకపోతే వదిలేసి వెళ్లిపోతా" అన్నది అన్నిటికంటే చెడ్డది, ఈ వయసులో అమ్మ కనపడకపోతేనే భయం. పడ్డప్పుడు "నేలని కొట్టేద్దాం" అనడం కూడా వద్దు, "దెబ్బ తగిలిందా, ఎక్కడ" అంటే సరిపోతుంది.

డాక్టర్‌కి ఎప్పుడు చూపించాలి

పేరు పెట్టి పిలిస్తే ఏడాది దాటినా తిరగకపోవడం, ఏడాదిన్నరకి కూడా కావాల్సినదాన్ని వేలితో చూపించకపోవడం, పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకి సొంతంగా రెండు మాటలు కలపకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు ఏ వయసులో అయినా పోవడం, వీటిల్లో ఏ ఒక్కటున్నా "మగపిల్లలకి లేటుగా వస్తాయి", "వాళ్ల బాబాయికి కూడా నాలుగేళ్లకి వచ్చాయి" అన్న మాటలు విని ఆగొద్దు. ముందు వినికిడి టెస్ట్, తర్వాత ఎదుగుదల పరీక్ష. పేచీలు రోజుకి చాలాసార్లు వస్తూ, ఒక్కోటి అరగంట దాకా సాగుతూ, తనని తాను గాయపరుచుకుంటున్నా, నాలుగేళ్లు దాటినా తగ్గకపోయినా చూపించాలి. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకి వచ్చే టీమ్‌లు ఉచితంగా పరీక్షిస్తాయి, ఇలాంటి పిల్లల కోసం జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లు (ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకి చిన్నప్పుడే సాయం చేసే చోట్లు) పెట్టారు, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. అమెరికాలో ఉన్నవాళ్లైతే మూడేళ్ల లోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ కోసం డాక్టర్ రిఫరల్ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేయొచ్చు. అక్కడ కొంతమందికి "మాటలు లేటవుతున్నాయి, తెలుగు ఆపేసి ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహా ఇస్తుంటారు, ఆపక్కర్లేదు, రెండు భాషల వల్ల మాట ఆలస్యం అవ్వదు, లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి.

మీకే కోపం తట్టుకోలేనంత వచ్చినప్పుడు, చెయ్యి లేచేలా ఉన్నప్పుడు, పిల్లని దెబ్బ తగలని చోట కూర్చోబెట్టి, ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్లకి అప్పజెప్పి, రెండు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లి మొహం కడుక్కుని రండి, ఆ రెండు నిమిషాలు పిల్ల ఏడ్చినా పర్లేదు. ఇది రోజూ జరుగుతుంటే, నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక ఉంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.